వేలికొనపై రక్తపు బొట్టు: వైద్య శిబిరాలలో గ్లూకోమీటరు వాడకం

జగదల్‌పూర్ నుండి సుక్మా మీదుగా కుంటకు, అక్కడి నుండి భద్రాచలానికి వచ్చే రహదారిపై, దర్భా అడవులను దాటిన తరువాత తగిలే ఊరు తోంగ్‌పాల్. గనులతో సంబంధమున్న మన పాఠకులకు ఈ పేరు కొత్తది కాకపోవచ్చును. దేశంలో తగరపు ఖనిజాన్ని ఉత్పత్తి చేస్తున్న రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ ఒక్కటే. ఆ ఖనిజం దొరికే దక్షిణ బస్తర్ నేలలో తోంగ్‌పాల్ పరిసరాలు కూడా చేరి ఉన్నవి. 2024 మార్చి నెలలో మేము అక్కడికి వెళ్ళినది మాత్రం ఖనిజం కోసం కాదు. కొందరు వైద్యులు, మిత్రులు కలసి ఒక పాఠశాల వరండాలో ఏర్పాటు చేసిన ఉచిత వైద్య శిబిరానికి పరికరాల పెట్టె మోసుకొని పోయినాము. మేము చదివినది ఇన్‌స్ట్రుమెంటేషన్. వైద్యశాస్త్రంలో మాకు ప్రవేశం లేదు. అయినను రక్తపోటు యంత్రాలు, గ్లూకోమీటర్లు కొలత సాధనాలే గనుక వాటి బాధ్యత మాకు అప్పగించినారు.

అది ఇప్పపూల కాలం. తెల్లవారక ముందే చెట్ల కింద రాలిన పూలను ఏరుకొని, ఆ బుట్టలతోనే చాలామంది శిబిరానికి వచ్చినారు. ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో సుమారు యాభై ఏళ్ళ వయస్సుగల ఒక స్త్రీ వేలికి సూది గుచ్చి మేము చూసిన కొలత 268. ఆమె సన్నగా ఉన్నది, దాహం లేదు, అతిమూత్రం లేదు. మేము ఆ అంకెను చీటీపై వ్రాసి వైద్యునికి పంపబోతుండగా, పక్కన మందులు సర్దుతున్న సిస్టరు వారించినది. ఆమె కుంట ప్రాంతపు మనిషి. తెలుగు, హల్బీ, గోండీ మూడూ మాట్లాడగలదు.

"సార్, ఆమె చేతులు కడిగించినారా?" అన్నది.

స్పిరిట్ దూదితో తుడిచినామని చెప్పినాము. సిస్టరు ఆమెకు హల్బీలో ఏదో చెప్పి, సబ్బుతో చేతులు కడిగించి, పొడిగుడ్డతో తుడిపించి, మరొక వేలిని పరీక్షించినది. ఈసారి 104. యంత్రం మాత్రం అబద్ధం చెప్పలేదు. దాని ముందు పెట్టిన బొట్టులో ఎంత గ్లూకోజు ఉన్నదో అంతే చూపించినది. ఆ గ్లూకోజులో సగానికి పైగా వచ్చినది ఆమె రక్తనాళాల నుండి కాక ఇప్పపూల బుట్ట నుండి.

ఆనాటి రాత్రి మేము లెక్క వేసి చూసినాము. నేటి యంత్రాలు కోరే రక్తం ఒక మైక్రోలీటరు, లేదా అంతకంటె తక్కువ. రక్తంలో డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉన్నదనుకుంటే ఆ ఒక్క మైక్రోలీటరులో ఉండేది ఒక మైక్రోగ్రాము, అనగా గ్రాములో పది లక్షలవ వంతు. వేలిపై మరొక మైక్రోగ్రాము అంటుకొని ఉంటే చాలు, 100 కాస్తా 200 అవుతుంది. ఎండిన ఇప్పపూవులో సగానికి పైగా చక్కెరలే. ద్రాక్ష, బత్తాయి, అరటి వంటి పండ్లు ముట్టుకొన్న వేళ్ళదీ ఇదే కథ. ఇక్కడ ఒక చిన్న విడ్డూరం: మన ఇంట్లోని పంచదార వేలికి అంటుకొంటే ఈ యంత్రం దాదాపు పట్టించుకోదు, ఏలయనగా అది సుక్రోజు; స్ట్రిప్‌లోని ఎంజైమ్ గ్లూకోజును మాత్రమే గుర్తిస్తుంది. పండ్లలోను, పూల తేనెలోను ఉన్నది సాక్షాత్తు గ్లూకోజే. స్పిరిట్ దూది దీనిని పూర్తిగా తొలగించలేదు. నీరు, సబ్బు కావలసినదే. నీటి ఎద్దడి ఉన్న చోట శిబిరం పెట్టేవారు మందులకంటె ముందు ఒక బిందె నీళ్ళు, సబ్బు, శుభ్రమైన గుడ్డలు సిద్ధం చేసుకోవలసి ఉన్నది.

ఈ పొరపాటు వెంటనే సరిదిద్దుకోగలిగినది. ఆ ఉదయమే సిస్టరు పట్టుకొన్న రెండవ పొరపాటు అటువంటిది కాదు.

పెన్ను కథ

గ్లూకోమీటరు కొన్నప్పుడు దానితోపాటు స్ప్రింగు అమర్చిన పెన్ను వంటి సాధనం ఒకటి వస్తుంది. అందులో లాన్సెట్ అనే చిన్న సూదిని దూర్చి, మీట నొక్కితే సూది క్షణంలో వేలిని గుచ్చి వెనుకకు పోతుంది. మేము ఒక పెన్నును, రెండు వందల లాన్సెట్లను తీసుకొని వెళ్ళినాము. ప్రతి మనిషికి కొత్త సూది మారుస్తున్నాము గనుక మా పని నిర్దోషంగా ఉన్నదన్న నమ్మకం మాది. సిస్టరు ఆ పెన్నును మా చేతి నుండి తీసుకొని, మూతను విప్పి, వెలుతురులో పట్టి చూపించినది. వేలికి ఆనే రంధ్రం అంచున గోధుమరంగు చుక్క ఒకటి ఎండి ఉన్నది. అది అప్పటికి పరీక్షించిన పదకొండు మందిలో ఎవరిదో మేము చెప్పలేము.

"సూది మార్చినారు సార్, ముక్కు మార్చలేదు గదా" అన్నది ఆమె.

మేము ఆ వరండాలో సిగ్గుపడిన మాట వాస్తవం. అంతకంటె ఎక్కువగా భయపడినాము. ఎందుకనగా కొన్ని సంవత్సరాల క్రితం ఒక నివాస కాలనీలో మేము, మా మిత్రులు కలసి జరిపిన శిబిరంలో ఇదే విధంగా ఒక్క పెన్నుతో ఒక పూటలో ఎనభై మందికి పైగా పరీక్షలు చేసి ఉన్నాము. ఆనాడు మమ్ములను వారించినవారు లేరు. ఆ ఎనభై మందికి ఏమీ కాలేదని చెప్పుకోవటానికి మావద్ద ఆధారం లేదు. హెపటైటిస్-బి శరీరంలో ప్రవేశించిన తరువాత లక్షణాలు బయటపడటానికి రెండు మూడు నెలలు, ఒక్కొక్కసారి అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది. ఎందరిలోనో అసలు లక్షణాలే కనిపించవు. అప్పటికి శిబిరం సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఇది ఊహాజనితమైన భయం కాదని తరువాత చదివి తెలుసుకొన్నాము. 1990లో ఫ్రాన్సు దేశపు వైద్యులు, ఒక ఆసుపత్రిలోని గ్రంథి వ్యాధుల విభాగంలో వ్యాపించిన హెపటైటిస్-బి ఇటువంటి వేలిగుచ్చు సాధనం ద్వారా సోకినదని ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ప్రకటించినారు. అదే సంవత్సరం అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు ఆసుపత్రి ఒకదానిలో బయటపడిన ఉదంతం మాది పోలినదే. అక్కడి సిబ్బంది సూదిని ప్రతి రోగికి మార్చినారు. సూది దూరే ప్లాస్టిక్ పీటను, అది కూడా ఒక్కసారి వాడి పారవేయవలసినదే అయినను, మార్చలేదు. అంతటితో వ్యాధి మంచం నుండి మంచానికి నడిచిపోయినది.

ఇరవై ఏళ్ళు గడచినవి. 2010లో అమెరికాలోనే ఉత్తర కరొలీనా రాష్ట్రంలోని ఒక వృద్ధుల వసతి గృహంలో ఎనిమిది మందికి హెపటైటిస్-బి సోకినది. వారిలో ఆరుగురు మరణించినారు. అందరూ సిబ్బంది చేత రక్తశర్కర పరీక్షలు చేయించుకొంటున్నవారే. విచారణలో తేలినదేమనగా, ఒకరికి వాడిన వేలిగుచ్చు సాధనాలు మరొకరికి వాడటం, యంత్రాలను శుభ్రపరచకుండా గదుల వెంట త్రిప్పటం. అదే ఏడాది ఆగస్టులో ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం, ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై హెచ్చరిక జారీ చేసినవి: వేలిగుచ్చు సాధనాన్ని ఏ పరిస్థితిలోను ఇద్దరికి వాడరాదు, గ్లూకోమీటరును వీలైనంత వరకు ఒక్కరికే కేటాయించవలెను, అది సాధ్యం కానిచోట ప్రతి వ్యక్తి తరువాత శుభ్రపరచి, క్రిమిరహితం చేయవలెను.

హెపటైటిస్-బి విషయంలో ఇంత కఠినంగా ఉండటానికి కారణాలు రెండు. వ్యాధి ఉన్నవాని రక్తంలో ఒక్క మిల్లీలీటరులోనే కోట్లాది వైరస్ కణాలు ఉండగలవు. అందుచేత కంటికి కనిపించనంత రక్తమే చాలును. రెండవది, ఎండిపోయిన రక్తంలో కూడా ఆ వైరస్ కనీసం ఏడు రోజులు సజీవంగా ఉంటుంది. మొన్నటి శిబిరంలో వాడి పెట్టెలో పెట్టిన పెన్ను నేటి శిబిరానికి శుభ్రంగా ఉన్నట్లే కనిపిస్తుంది.

సిస్టరు చేతి సంచిలో వేరే రకం లాన్సెట్లు ఉన్నవి. వీటికి పెన్ను అక్కరలేదు. ప్లాస్టిక్ గూటిలోనే స్ప్రింగు, సూది ఉంటవి. వేలికి ఆనించి నొక్కగానే గుచ్చి, సూది లోపలికి పోయి తాళం పడుతుంది. రెండవసారి నొక్కినా పనిచేయదు. ఇంజనీరు దృష్టిలో ఇదే సరైన రూపకల్పన. మనిషి జాగ్రత్తపై ఆధారపడకుండా తప్పు చేయటానికే అవకాశం లేకుండా చేయటం మన కర్మాగారాలలోని భద్రతా తాళాల వెనుక ఉన్న సూత్రమే గదా. ధర కొంత ఎక్కువ. శిబిరం నిర్వాహకులు ఇక్కడ పొదుపు చేయటం మాకు సమ్మతం కాదు. బ్యానర్లు, పూలదండలు తగ్గించుకొంటే ఆ తేడా భర్తీ అవుతుంది.

ఆ పెన్నును ఆమె మాకు తిరిగి ఇవ్వలేదు. సూదులు వేసే తెల్లని పెట్టెలో పడవేసినది.

యంత్రాన్ని తుడవటం

పెన్ను సమస్య పెన్నుతో పోయినను యంత్రం మిగిలే ఉన్నది. పరీక్ష చేసేవారు రక్తం అంటిన గ్లవుజుతోనే యంత్రాన్ని పట్టుకొంటారు, అదే గ్లవుజుతో స్ట్రిప్ డబ్బాలో వేలు పెడతారు, తరువాతి మనిషి చేయి పట్టుకొంటారు. అందువలన మనిషి మారినప్పుడల్లా గ్లవుజులు మారవలెను, చేతులు శుభ్రం కావలెను. గ్లవుజుల పెట్టెలు చాలినన్ని లేవని ఒకే జతకు స్పిరిట్ రాస్తూ పూటంతా గడిపే పద్ధతి మనం అనేక చోట్ల చూస్తున్నదే.

స్పిరిట్ గురించి ఒక మాట. 70 శాతం ఆల్కహాలు రక్తం ద్వారా వ్యాపించే వైరస్‌ల నుండి యంత్రాన్ని కాపాడుతుందని భరోసా పెట్టుకోరాదని పైన చెప్పిన ఔషధ నియంత్రణ సంస్థ స్పష్టం చేసినది. తయారీదారు తన పుస్తకంలో పేర్కొన్న క్రిమినాశక తుడుపులు గాని, తయారీదారు అనుమతించిన పక్షంలో ఒకటికి తొమ్మిది వంతుల నీరు కలిపిన బ్లీచింగు ద్రావణం గాని వాడవలెను. ముందు ఒకసారి తుడిచి కనిపించే రక్తాన్ని తొలగించాలి. రెండవసారి తుడిచినప్పుడు ఉపరితలం సూచించినంత సేపు తడిగా ఉండాలి. వెంటనే గుడ్డతో ఆరబెట్టితే తుడిచిన ఫలితం దక్కదు. అయితే తడి ఎక్కువై స్ట్రిప్ దూరే రంధ్రంలోకి దిగితే యంత్రం పాడవుతుంది. కనుక ద్రావణంలో ముంచటం, పైన పిచికారీ చేయటం పనికిరాదు. గుడ్డను పిండి తుడవవలెను. ఇంటి వాడకానికి మాత్రమే తయారైన చౌక యంత్రాల ప్లాస్టిక్ ఈ ద్రావణాల తాకిడికి కొద్ది వారాలలోనే మసకబారి, పగుళ్ళు తీస్తుంది. వైద్యశాలల కోసం తయారైన యంత్రాలను వేరుగా అమ్మటానికి ఒక కారణం ఇదే.

వాడిన లాన్సెట్లు సూదికి లొంగని తెల్లని గట్టి పెట్టెలోకి, రక్తపు దూది పసుపు సంచిలోకి పోవలెనని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు చెబుతున్నవి. శిబిరం ముగిసిన తరువాత ఆ పెట్టెను ఎవరు తీసుకొనిపోయి ఎక్కడ అప్పగించాలో ముందే నిర్ణయించుకోనివారు దానిని పాఠశాల వెనుక కంచెలో విడిచివచ్చే ప్రమాదం ఉన్నది. మరునాడు అక్కడ ఆడుకొనేవారు పిల్లలు.

యంత్రం ఎంతవరకు నమ్మదగినది

ఈ సాధనం పుట్టుక కొంత తెలిస్తే దాని పరిమితి అర్థమవుతుంది. 1962లో అమెరికాలో లేలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ అనే శాస్త్రజ్ఞులు గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను ఎలక్ట్రోడుపై అమర్చి గ్లూకోజును విద్యుత్తు ద్వారా కొలవవచ్చునని ప్రతిపాదించినారు. అయితే మొదట బజారుకు వచ్చినవి రంగు మారే పట్టీలు. ఆ రంగును కంటితో కాక కాంతి పరావర్తనంతో చదివే తొలి యంత్రం 1970 ప్రాంతంలో వచ్చినది. బరువు కిలోకు పైమాటే, వైద్యులకు, ఆసుపత్రులకు తప్ప అమ్మేవారు కాదు. చిన్ననాటి నుండి మధుమేహంతో బాధపడుతున్న రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు, తన భార్య వైద్యురాలు గనుక ఆమె పేరిట ఒక యంత్రం తెప్పించుకొని, రోజుకు అనేక పర్యాయాలు తన రక్తాన్ని తానే కొలుచుకొంటూ ఆహారాన్ని, ఇన్సులిన్‌ను సరిదిద్దుకొన్నాడు. ఇంజనీరు వ్రాసినదానిని వైద్య పత్రికలు అంగీకరించకపోగా నలభై అయిదవ ఏట వైద్య కళాశాలలో చేరి డాక్టరైనాడు. తొంభై ఏళ్ళు జీవించి 2025లో కన్నుమూసినాడు. మా వృత్తివారి పట్టుదలకు ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు తెలియదు. 1987లో వచ్చిన కలం వంటి యంత్రంతో క్లార్క్ చెప్పిన విద్యుత్ పద్ధతి జనం చేతికి చేరినది.

నేటి స్ట్రిప్‌లో ఎంజైమ్ గ్లూకోజుతో చర్య జరిపి ఎలక్ట్రానులను విడుదల చేస్తుంది. ఆ స్వల్ప విద్యుత్తును కొలిచి యంత్రం అంకెగా మారుస్తుంది. అనగా అసలు కొలత సాధనం స్ట్రిప్. యంత్రం దానికి మీటరు మాత్రమే. స్ట్రిప్ డబ్బాను వానాకాలంలో మూత తీసి ఉంచితే, వేసవిలో జీపు డాష్‌బోర్డుపై వదిలితే, ఎంత ఖరీదైన యంత్రమైనను తప్పు చెబుతుంది. అధిక సంఖ్యలో స్ట్రిప్‌లను 30 డిగ్రీల లోపు నిలవచేయమంటారు; 10 నుండి 40 డిగ్రీల మధ్య వాడమంటారు. మే నెలలో సుక్మా వైపు మధ్యాహ్నపు వేడి ఈ హద్దును తేలికగా దాటుతుంది. మేము స్ట్రిప్‌లను మందుల థర్మాకోలు పెట్టెలో, మంచుగడ్డలకు తగలకుండా గుడ్డ చుట్టి తీసుకొని వెళ్ళినాము.

కిరాణా దుకాణంలో తూకపు రాళ్ళకు ప్రభుత్వ ముద్ర ఉన్నదా లేదా అని అడిగే మనం, ఈ యంత్రాన్ని ఎప్పుడు సరిచూసినారని ఎన్నడూ అడగము. నియంత్రణ ద్రావణం అనే చిన్న సీసా ఇందుకే ఉన్నది. అందులోని గ్లూకోజు పరిమాణం ముందే తెలుసు. ఒక చుక్క స్ట్రిప్‌కు అందించి, అంకె డబ్బాపై ముద్రించిన అవధిలో ఉన్నదా అని చూడవలెను. శిబిరం మొదలయ్యే ముందు, కొత్త డబ్బా తెరచినప్పుడు, యంత్రం చేయిజారి పడినప్పుడు ఈ పని చేసి పుస్తకంలో వ్రాసుకోవటం అయిదు నిమిషాల శ్రమ. ఎన్ని చోట్ల అడిగినను ఆ సీసాను మాకు చూపించగలిగినవారు బహు కొద్దిమంది.

అన్నీ సక్రమంగా ఉన్నా యంత్రానికి సహజమైన ఎగుడుదిగుడు తప్పదు. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం నూటికి 95 కొలతలు, గ్లూకోజు 100 లోపు ఉన్నప్పుడు 15 మిల్లీగ్రాముల తేడాలోను, 100 ఆపైన 15 శాతం తేడాలోను ఉంటే ఆ యంత్రం ఉత్తీర్ణమైనట్లే. అసలు విలువ 200 అయినచోట 170 చూపినా, 230 చూపినా తప్పు లేదన్నమాట. అందుచేతనే శిబిరంలో తేలిన అంకెను పట్టుకొని "మీకు షుగరు ఉన్నది" అని ప్రకటించరాదు. మధుమేహ నిర్ధారణకు సిరనుండి తీసిన రక్తంతో ప్రయోగశాలలో పరీక్ష జరగాలి; పరగడుపున 126, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 అనే హద్దులు ఆ పరీక్షకు చెందినవి. యంత్రం చేసేది జల్లెడ పట్టటం మాత్రమే.

బస్తర్‌లో జల్లెడ కన్నాలు మరికొన్ని ఉన్నవి. మొదటిది రక్తహీనత. రక్తంలో ఎర్రకణాల వాటా తగ్గినకొద్దీ చాలా యంత్రాలు గ్లూకోజును ఉన్నదానికంటె ఎక్కువగా చూపుతవి. వాటా పెరిగితే తక్కువగా చూపుతవి. కొన్ని యంత్రాలు 30 నుండి 55 శాతం ఎర్రకణాల వరకే హామీ ఇస్తవి. హిమోగ్లోబిన్‌ను మూడుతో హెచ్చవేస్తే ఆ శాతం సుమారుగా వస్తుంది. హిమోగ్లోబిన్ 7 ఉన్న గర్భిణికి అది 21 మాత్రమే. యంత్రపు అంకె హద్దు వెలుపలిది. ఇందులోని ప్రమాదం ఎక్కువ చూపటంకంటె, గ్లూకోజు నిజంగా పడిపోయినప్పుడు దానిని కప్పిపుచ్చటంలో ఉన్నది. యంత్రం 75 చూపుతుంటే అసలు విలువ 60 లోపు ఉండవచ్చును.

రెండవది సికిల్ సెల్ వ్యాధి. మధ్య భారతపు గిరిజన ప్రాంతాలలో ఇది విస్తృతంగా ఉన్నందుననే 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ప్రారంభమైనది. మూడు నెలల సగటు చక్కెరను తెలుపుతుందని మనం విశ్వసించే హెచ్.బి.ఏ.1.సి. పరీక్ష, ఎర్రకణం సుమారు 120 రోజులు జీవిస్తుందన్న ఆధారంపై నిలచి ఉన్నది. సికిల్ సెల్ రోగిలో ఆ కణం కొద్ది వారాలలోనే నశిస్తుంది. ఫలితం అసత్యంగా తక్కువ వస్తుంది. కనుక అటువంటివారికి నేరుగా గ్లూకోజును కొలవటమే మార్గం, కాని వారి రక్తహీనత వలన వేలి యంత్రం తడబడుతుంది. ఈ చిక్కుముడిని శిబిరంలో విప్పలేము. వారిని ప్రయోగశాలకు పంపవలసినదే.

మూడవది మలేరియా. 2020 జనవరిలో మలేరియా ముక్త బస్తర్ అభియాన్ ప్రారంభమైన తరువాత ఇంటింటికి వెళ్ళి వేలి రక్తంతో పరీక్షలు జరుపుతున్నారు. తీవ్రమైన ఫాల్సిపేరం మలేరియాలో, ముఖ్యంగా పిల్లలలో, గర్భిణులలో, రక్తశర్కర ప్రమాదకరంగా పడిపోతుంది. క్వినైన్ వైద్యం కూడా ఇన్సులిన్‌ను రెచ్చగొట్టి దానిని మరింత దించగలదు. మూర్ఛలో ఉన్న బిడ్డకు గ్లూకోజు 40 కంటె తక్కువ ఉన్నదని ఒక్క నిమిషంలో తెలిస్తే గ్లూకోజు సీసా ప్రాణం నిలుపుతుంది. ఈ చోట గ్లూకోమీటరుకు సాటి మరొకటి లేదు. దానిని దూషించటం మా ఉద్దేశం కాదని పాఠకులు గ్రహింతురుగాక. అయితే వాంతులు, విరేచనాలతో నీరు ఇంకిపోయినవారిలో, షాకులో చల్లబడిన చేతులలో వేలి రక్తం శరీరపు స్థితిని తెలుపజాలదు. సిర రక్తం తీసుకోవలెను.

మందుల పొత్తు ఒకటి చెప్పి ఈ భాగం ముగిస్తాము. జి.డి.హెచ్.-పి.క్యు.క్యు. అనే ఎంజైమ్‌తో పనిచేసే పాత రకం స్ట్రిప్‌లు మాల్టోజును కూడా గ్లూకోజుగా భ్రమించేవి. పొట్ట ద్వారా డయాలిసిస్ చేసే ఐకోడెక్స్‌ట్రిన్ ద్రావణం వాడిన రోగులలో యంత్రం అధికంగా చూపగా, సిబ్బంది ఇన్సులిన్ ఇచ్చినారు. 1997 నుండి 2009 వరకు ఇటువంటి 13 మరణాలు అమెరికా ఔషధ సంస్థ దృష్టికి వచ్చినవి. ఏ ఎంజైమ్‌తో స్ట్రిప్ తయారైనదో డబ్బాలోని కాగితంలో వ్రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని మనం తెరవకుండానే పారవేస్తాము.

విదేశాలలో ఉన్న పిల్లలు ప్రేమతో పంపే యంత్రాల విషయం కూడా ఇక్కడే ప్రస్తావించాలి. బ్రిటన్ తదితర దేశాలలో కొలమానం వేరు. మిల్లీమోల్ అంకెను 18తో హెచ్చవేస్తే మన మిల్లీగ్రాములు వస్తవి. అక్కడి 7 మన 126. విశ్రాంత ఉద్యోగి ఒకరు అటువంటి యంత్రంలో 14 చూసి, చక్కెర పూర్తిగా పడిపోయినదనుకొని గ్లూకోజు నీళ్ళు తాగిన సంగతి మాకు తెలుసు. అది 252.

మనకు సంబంధించినది

2018 ఏప్రిల్ 14న దేశంలోని మొదటి ఆరోగ్య స్వస్థత కేంద్రం ప్రారంభమైనది ఈ బస్తర్ సీమలోనే, బీజాపూర్ జిల్లా జాంగ్లాలో. ముప్ఫై ఏళ్ళు నిండిన ప్రతివారికి చక్కెర పరీక్ష చేయటం అటువంటి కేంద్రాల విధి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉన్నదని లెక్క కట్టినది. అనగా రానున్న కాలంలో వేళ్ళను గుచ్చే పని తగ్గదు, పెరుగుతుంది. అందులో గణనీయమైన భాగం వైద్యశాల గోడల వెలుపల, వరండాలలో, చెట్ల కింద, మన సంస్థ వార్షికోత్సవాల టెంట్లలో జరుగుతుంది. అక్కడ వరుసలో నిలిచిన ఉద్యోగి, అతని సహధర్మచారిణి రెండు ప్రశ్నలు అడగటానికి మొహమాటపడవద్దు: ఈ సూది సాధనం నాకంటె ముందు ఎవరికైనా వాడినారా? యంత్రాన్ని ఇప్పుడే తుడిచినారా? సమాధానం తృప్తికరంగా లేకపోతే వేలిని వెనుకకు తీసుకోవచ్చును. ఒక పరీక్ష ఒక వారం ఆలస్యమైతే మునిగేది లేదు. శిబిరాలలో సహాయపడే మన ఉద్యోగులు హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు పూర్తిచేసుకొని ఉండటం కూడా అవసరం.

ఇంటి సంగతి వేరు అనుకోవద్దు. ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ మధుమేహం ఉన్నప్పుడు ఒకే పెన్ను, కొన్నిచోట్ల ఒకే సూది, పొదుపు పేరిట నడుస్తున్నవి. వచ్చిన బంధువులకు సరదాగా "మీదీ చూద్దామా" అని అదే పెన్నుతో గుచ్చటం మన ఇళ్ళలో అతిథి మర్యాదగా మారినది. ఇన్సులిన్ పెన్నుకు సూది మార్చి మరొకరికి ఇవ్వటం అంతకంటె ప్రమాదం. మందు గొట్టంలోకే రక్తం వెనుకకు పోగలదు.

తోంగ్‌పాల్ శిబిరం ఆనాడు మధ్యాహ్నం మూడు గంటల వరకు సాగినది. పెన్ను పోయిన తరువాత సిస్టరు సంచిలోని లాన్సెట్లు నలభై ఉన్నవి; నలభై మందికి పరీక్షలు చేసి, మిగిలినవారిని రక్తపోటు చూసి పంపినాము. ఉదయం పెన్నుతో గుచ్చిన పదకొండు మంది పేర్లను, ఊర్లను వైద్యుడు వేరే కాగితంపై వ్రాసుకొన్నాడు. వారికి జరిగినది దాచకుండా చెప్పవలెనని, హెపటైటిస్ పరీక్షలు, టీకా ఏర్పాటు చేయించవలెనని నిర్ణయించినారు. ఆ మాట వారికి చెప్పే పని సిస్టరుపై పడినది. ఆమె ఇప్పపూల బుట్టల మధ్య కూర్చొని ఒక్కొక్కరికి వారి భాషలో వివరిస్తుంటే మేము పక్కనే నిలుచున్నాము. ఒక వృద్ధుడు ఏదో అడిగినాడు. ఏమంటున్నాడని మేము అడిగినాము. "ఈ సార్ కూడా అదే సూదితో గుచ్చుకొన్నాడా అంటున్నాడు" అన్నది ఆమె.

ఇంటికి వచ్చిన తరువాత రెండవ పెన్ను కొన్నాము. మా శ్రీమతికి కూడా మధుమేహమే. రెండింటికీ ప్లాస్టరు ముక్క అంటించి పేర్లు వ్రాసినాము. ఒకటి దేవుని గది అలమరలో, రెండవది మా బల్ల సొరుగులో ఉన్నవి.